పాత జీపుకి ఆఫ్‌రోడ్ పని చేయించాలంటే ముందు సీ బుక్ తీయండి

ఏపీ 26, ఏపీ 27 నంబర్ల పాత మహీంద్రా జీపులు, జిప్సీలు మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పొదలకూరు నిమ్మతోటల్లో, తీరం వెంబడి రొయ్యల గుంటల గట్ల మీద, చీమకుర్తి క్వారీల చుట్టూ ఉన్న రాళ్ల దారుల్లో వాటికి ఇంకా పని ఉంది. అలాంటి బండి ఒకటి చేతికి రాగానే చాలామంది నేరుగా షెడ్డుకి తీసుకెళ్లి పెద్ద టైర్లు, లిఫ్టు (బండిని ఎత్తు చేసే కిట్టు), ముందు ఇనప బంపరు గురించి అడుగుతారు. పని మొత్తం అయ్యాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండిని పక్కన పెట్టేస్తాడు. అప్పుడు పెట్టిన డబ్బుకి మళ్లీ అంత డబ్బు పెట్టి అన్నీ విప్పించాలి. ఆ టెన్షన్ లేకుండా, బండి ఇసుకకీ రాళ్లకీ పనికొచ్చేలా, హైవే మీద ఎవరు ఆపినా ఇబ్బంది లేకుండా ఎలా చేయించుకోవాలో వరుసగా చెబుతాను.

కొనే ముందే కాగితాలు చూడండి

సీ బుక్‌లో, అంటే బండి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో, ఇంజను నంబరు, చాసిస్ నంబరు, ఇంధనం, సీసీ, బాడీ రకం, రంగు, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రాసి ఉంటాయి. దాన్ని చేతిలో పట్టుకుని బండి చుట్టూ తిరిగి ఒక్కో వివరం సరిచూసుకోండి. పాత జీపుల్లో ఎక్కువగా తేడా వచ్చేది ఇంజను దగ్గరే. ఎప్పుడో ఎవరో వేరే ఇంజను వేసి ఉంటారు, సీ బుక్‌లో మాత్రం పాత నంబరే ఉంటుంది.

చాసిస్ నంబరు విషయంలో తొందరపడకండి. ఫ్రేమ్ మీద గుద్దిన చోట ఏళ్ల గ్రీజు, మట్టి, రెండు మూడు కోట్ల పెయింటు పేరుకుని ఉంటాయి. కిరోసిన్ గుడ్డతో నానబెట్టి తుడవండి. పెయింటు మందంగా ఉంటే థిన్నర్ వాడండి. గ్రైండర్ మాత్రం పెట్టనివ్వకండి, అంకె అరిగిపోతే ఇక ఆ బండిని ఎవరూ పాస్ చేయరు. శుభ్రం చేశాక పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. రేపు ఆఫీసులో తీసేదీ ఈ పెన్సిల్ ప్రింటే. అంకెల మధ్య ఎడం సమంగా ఉందా, ఏదైనా అంకె మిగతావాటి కంటే లోతుగా దిగిందా చూడండి. చుట్టూ వెల్డింగ్ గీత కనబడితే ధర ఎంత తక్కువ చెప్పినా వదిలేయండి.

మిలిటరీ వేలంలో వచ్చిన డిస్పోజల్ జీపు అయితే వేలం కాగితాలు, రిలీజ్ ఆర్డరు అసలువి ఉండాలి. జిరాక్సులు నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి. ఇంకో సంగతి, ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే. సొంత బండికి ఆ రంగు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ముచ్చటపడి ఆ రంగు వేయించుకున్నవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు. మీరు వేయించకండి. ఇంకే రంగు వేసినా సీ బుక్‌లో మార్పించుకోండి.

తమిళనాడు నుంచో కర్ణాటక నుంచో తెస్తే అక్కడి ఆర్టీవో ఆఫీసు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు కాగితం ఉండాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఈ ఖర్చు కలుపుకోండి.

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. గడువుకి అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపులకు రెన్యువల్ రుసుము 5,000 రూపాయలు అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటితే నెలకు 500 చొప్పున పెరుగుతుంది కాబట్టి, ఎప్పుడో గడువు తీరిన బండి కొంటుంటే లెక్క కట్టుకోండి. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లు తిరగకూడదన్న మాట ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. అది చూపించి మన దగ్గర బండి ధర తగ్గించేవాళ్లూ ఉన్నారు, భయపెట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ పట్టించుకోకండి.

ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది సూటిగానే ఉంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, సీ బుక్‌లో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ‘ఒక్కో మార్పుకి’ అన్న మాట గమనించండి. బంపరు, సైలెన్సరు, ఇంజను మూడూ మార్చి ఉంటే లెక్క మూడింతలు.

దీని ప్రకారం చాసిస్ కోసి పొడవు తగ్గించడం, పెంచడం కుదరదు. వెనక అదనంగా బెంచీ సీట్లు వేసి సీట్ల సంఖ్య పెంచడం కుదరదు. గుడ్డ టాపు తీసి ఇనప టాపు వేస్తే బాడీ రకం మారుతుంది, కాబట్టి ముందే అనుమతి కావాలి. ఇంజను పూర్తిగా పోయి ఉంటే అదే కంపెనీ, అదే రకం ఇంజను అనుమతితో వేసుకోవచ్చు. దాని బిల్లు, పాత ఇంజను ఏం చేశారో చూపే కాగితం దాచుకోండి. వేరే కంపెనీ కారు ఇంజను వేస్తే బండి లేచిపోతుందని షెడ్డులో ఎవరైనా ఊరిస్తారు. పాత గేరుబాక్సు, పాత హౌసింగులు (ఇరుసు, దాని గేర్లు ఉండే ఇనప గూళ్లు), పాత బ్రేకులు ఆ బలానికి చేసినవి కావు. చట్టం సంగతి పక్కన పెట్టినా నేను ఆ పని వద్దనే అంటాను.

అనుమతి కావాల్సిన పనికి పద్ధతి ఇది: ముందు రిజిస్ట్రేషన్ అధికారికి దరఖాస్తు, అనుమతి వచ్చాక పని, పని అయిన పద్నాలుగు రోజుల్లోపు సీ బుక్‌తో వెళ్లి నమోదు. బండి ఫైనాన్స్‌లో ఉంటే ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా కావాలి. పనికి ముందు, తర్వాత నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.

ముందు భాగంలో ఇనప క్రాష్ గార్డు, బుల్ బారు వద్దే వద్దు. వాటి మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బుల్ బారు తగిలితే దెబ్బంతా నడిచేవాడి ఒంటి మీదే పడుతుంది. మన ఊళ్లు చాలానే పదహారో నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్నాయి. కావలి, సింగరాయకొండ దగ్గర రోడ్డు దాటే మనుషుల్ని చూసినవాళ్లెవరూ ఆ గడ్డపార ముందు పెట్టుకుని తిరగకూడదు.

కుంగిన కమాన్ కట్టలకు వంపు పెట్టించండి, అదే మీ లిఫ్టు

పాత జీపు నేలకి తగులుతోందంటే దానికి లిఫ్టు కిట్టు కావాలని కాదు. ఇరవై, ముప్పై ఏళ్లు బరువు మోసి కమాన్ కట్టలు (ఇనప పట్టీలు పేర్చిన లీఫ్ స్ప్రింగులు) కుంగిపోయాయి. సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపు పెట్టి నాలుగు చోట్లా కొలవండి. డ్రైవరు వైపు తక్కువ రావడం మామూలే. ఈ కొలతలు రాసుకుని కమాన్ పని చేసే మేస్త్రీ దగ్గరికి వెళ్లండి.

కట్ట విప్పి ఒక్కో పట్టీ విడిగా చూడమనండి. పగుళ్లు ఎక్కువగా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, లేదా పై పట్టీ కొస ముడుచుకునే చోట వస్తాయి. పగిలిన పట్టీకి వెల్డింగ్ పెడతానంటే ఒప్పుకోకండి, కొత్తది వేయించండి. మిగతావాటికి వంపు పెట్టించి, తుప్పు గీకించి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాయించండి. బుష్‌లు, షాకిల్ పిన్నులు మార్చండి. యూ బోల్టులు పాతవి తిరిగి వాడవద్దు, అవి ఒకసారి సాగాక పట్టు ఉండదు. బిగించాక ఓ వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ బిగింపు చూడండి. ఇంత చేస్తే బండి కంపెనీ ఇచ్చిన ఎత్తుకి తిరిగి లేస్తుంది. సీ బుక్‌తో పేచీ లేదు, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్ల కోణం మారదు, మలుపుల్లో ఒరగదు. అదనపు పట్టీలు వేసి ఎత్తు పెంచితే బండి బిగుసుకుపోయి, రాళ్ల మీద చక్రం నేలని వదిలేస్తుంది. రాళ్లలో కావాల్సింది చక్రం నేలని అంటిపెట్టుకోవడమే.

కొత్త షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఈ పని అయ్యాకే కొనండి, పొడవు అప్పుడే తేలుతుంది.

టైర్లు

మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన సైజుల్లోనే మంచి ఆల్ టెర్రెయిన్ టైరు తీసుకోండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గాక ఆ టైరు రోడ్డు మీదకి పనికిరాదు.

పెద్ద సైజు ఎందుకు వద్దంటున్నానో లెక్కలో చూడండి. 205/70 ఆర్15 టైరు పక్క గోడ ఎత్తు, 205 మిల్లీమీటర్ల వెడల్పులో 70 శాతం, అంటే 143.5 మిల్లీమీటర్లు. దానికి రెండింతలు, ప్లస్ పదిహేను అంగుళాల రిమ్ము అంటే 381. మొత్తం సుమారు 668. దాని చోట 235/75 ఆర్15 వేస్తే మొత్తం ఎత్తు సుమారు 733 అవుతుంది, దాదాపు పది శాతం ఎక్కువ. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే మీరు వెళ్లేది 66. అదే పది శాతం గేరు బలం తగ్గి ఇసుకలో క్లచ్చు కాలుతుంది. బ్రేకు పట్టు కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఇన్ని పోగొట్టుకుని నేల నుంచి మీకు వచ్చే అదనపు ఎత్తు 33 మిల్లీమీటర్లు మాత్రమే.

పెన్నా ఇసుకలో అయినా, మైపాడు వైపు తీరంలో అయినా సైజు కంటే గాలి ముఖ్యం. తారు రోడ్డు మీద 28, 30 పీఎస్‌ఐ ఉన్న గాలిని ఇసుకలోకి దిగే ముందు 16, 18కి దించండి. టైరు పొడవుగా పరుచుకుని తేలుతుంది. ఆ గాలితో మలుపులు గట్టిగా తిప్పకూడదు, టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. రోడ్డెక్కే ముందు తిరిగి నింపడానికి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు, నమ్మకమైన గేజీ బండిలో ఉండాలి. చీమకుర్తి వైపు రాతి ముక్కల దారుల్లో మాత్రం గాలి అంతగా దించవద్దు, పక్క గోడ చీరుకుపోతుంది.

బ్రేకులు, హౌసింగులు, నీళ్లు

అన్నిటికంటే ముందు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. డ్రమ్ములు విప్పించి వీల్ సిలిండర్లు, లైనింగులు, రబ్బరు పైపులు చూడండి. గోరుతో నొక్కితే పైపు మీద సన్న పగుళ్లు కనబడితే మార్చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో రెండేళ్లకోసారి పూర్తిగా మార్చండి. వాగు దాటాక నాలుగైదు సార్లు బ్రేకు మెల్లగా తొక్కుతూ వెళ్తే డ్రమ్ములు ఆరతాయి. అది చేయకుండా రోడ్డెక్కకండి.

చట్టానికి ఏ అడ్డూ లేని, ఖర్చు చాలా తక్కువ పని ఒకటుంది. చాలామందికి తెలియదు. ముందు, వెనక హౌసింగుల మీద లోపలి గాలి ఆడే చిన్న దారి, బ్రీదర్, ఉంటుంది. వేడెక్కిన హౌసింగు ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ గుండానో ఆయిల్ సీలు గుండానో నీళ్లని పీల్చుకుంటుంది. ఆ బ్రీదర్‌కి ఆయిల్ తట్టుకునే రబ్బరు ట్యూబు తగిలించి, క్లిప్పు వేసి, చాసిస్ వెంబడి ఇంజను గదిలో ఎత్తుగా తెచ్చి కొస కిందికి వంచి కట్టండి. గేరుబాక్సుకీ అలాగే. మీ బండికి ఇప్పటికే నీళ్లు పట్టాయేమో తెలుసుకోవాలంటే రాత్రంతా నిలిపి, పొద్దున డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే కారతాయి. బండి నడిపాక తీస్తే ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంటుంది. అలా ఉంటే ఆ ఆయిలు మొత్తం తీసేసి, కొత్తది పోసి కొద్ది దూరం నడిపి, మళ్లీ మార్చండి. హౌసింగులోని గేర్ల జత, అంటే క్రౌన్ పినియన్ ధరతో పోలిస్తే రెండుసార్లు పోసిన ఆయిలు ఖర్చు లెక్కలోకే రాదు.

నీళ్లు హబ్బు దాటి లోతుంటే దిగకండి. ఇంజనుకి పైనుంచి గాలి తెచ్చే గొట్టం, స్నార్కెల్, పెట్టుకున్నంత మాత్రాన పాత జీపు పడవ కాదు, పైగా బయటికి పొడుచుకొచ్చే ఏ భాగమైనా తనిఖీలో ప్రశ్న అవుతుంది.

రోహిణి కార్తెకి సరిపడే రేడియేటరు

మన ఎండల్లో, రెండో గేరులో ఇసుక దున్నుకుంటూ పోతే ఇంజను ఉడికిపోతుంది. చాలా షెడ్లలో దీనికి మందు, ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పీకేయడం. అది తప్పు. ఇంజను సరైన వేడికి రాకపోతే డీజిల్ సరిగా మండక పొగ ఎక్కువై, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు. రేడియేటరు కోరు మార్పించండి. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన గూడు పోయి ఉంటే తప్పకుండా వేయించండి, అది లేకపోతే ఫ్యాన్ చుట్టూ గాలి వృథాగా తిరుగుతుంది. ఇసుకలో తిరిగొచ్చాక రేడియేటరుని ఇంజను వైపు నుంచి ముందుకి, తక్కువ వేగం నీళ్లతో కడగండి. గట్టి ప్రెషరు పెడితే రెక్కలు వంగిపోతాయి. తీరానికి వెళ్లిన రోజే చాసిస్ కిందంతా మంచినీళ్లతో కడిగించడం మర్చిపోకండి, ఉప్పు ఇనుముని తినేస్తుంది.

లైట్లు

చీకట్లో ఏమీ కనబడటం లేదని 100/90 వాట్ల బల్బులు వేయిస్తారు. ఎదుటివాళ్ల కళ్లు పోతాయి, మీ హోల్డర్లు కాలిపోతాయి. తప్పు సాధారణంగా వైరింగ్‌లో ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర, బల్బు దగ్గర వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి బల్బు దగ్గర 11 ఉంటే మిగతాదంతా పాత స్విచ్చులో, సన్నటి వైర్లలో వేడిగా పోతోంది. హై బీముకి, లో బీముకి చెరో రిలే (పాత స్విచ్చు మీద భారం పడకుండా కరెంటు కలిపే పరికరం), బ్యాటరీ నుంచి మందపాటి వైరు, ఒక్కోదానికి 15 యాంపియర్ ఫ్యూజు, గట్టి ఎర్తు ఇస్తే అదే 60/55 వాట్ల హెచ్4 బల్బు రెట్టింపు వెలుగుతున్నట్టు ఉంటుంది. ఇది మామూలు ఎలక్ట్రీషియన్ ఒక పూటలో చేసే పని.

తర్వాత లైట్ల దిశ సరిచేయండి. ఎనిమిది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న మనిషి కంటికి వెలుగు కొట్టకూడదని నిబంధన. గోడకి అంత దూరంలో నిలిపి ఆ ఎత్తున గీత గీస్తే లో బీము దాని కిందే పడాలి. టాపు మీద లైట్ బారు, ముందు స్పాట్ లైటు రోడ్డు బండికి వద్దు. ముందు వైపు ఎర్ర లైటు, వెనక వైపు ఎరుపు కాని అలంకారపు లైట్లు, రాగాలు తీసే హారన్లు, చప్పుడు చేసే సైలెన్సరు కూడా అంతే.

లాగడానికి కొక్కేలు, కూర్చోవడానికి బెల్టులు

ముందు ఒకటి, వెనక ఒకటి టోయింగ్ హుక్ చాసిస్‌కి నేరుగా, 8.8 గ్రేడు బోల్టులతో, లోపల ప్లేటు పెట్టి బిగించండి. బంపరుకి బిగిస్తే ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు బంపరు ఊడి ఎగిరొస్తుంది. హుక్ బంపరు అంచు దాటి బయటికి రాకుండా చూడండి. వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) బరువు, ఖర్చు, తనిఖీ తలనొప్పి లేకుండా ఒక సాగే రికవరీ తాడు, పార, రెండు చెక్క పలకలు చాలు. పాత సీట్లకి బెల్టులు లేకపోతే చాసిస్‌కి అంటిన గట్టి చోట బిగింపు ఇప్పించి వేయించండి.

అన్నీ అయ్యాక

పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోండి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు లేకపోతే వేయించండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చేయించిన మార్పులన్నీ రాసిచ్చి పాలసీలో చేర్పించండి. చెప్పకుండా దాస్తే ప్రమాదం తర్వాత క్లెయిము దగ్గర అదే కారణం చూపిస్తారు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్క రోజు కూడా ఆగిపోకూడదు.

రెన్యువల్ తనిఖీకి వెళ్లే ముందు రోజు హారన్, వైపర్, ఇండికేటర్లు, బ్రేకు లైటు, హ్యాండ్ బ్రేకు ఒకసారి చూసి, చాసిస్ నంబరు చోటు తుడిచి సిద్ధంగా ఉంచండి. బిల్లులు, ఫొటోలు, అనుమతి కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ఇన్‌స్పెక్టర్ ఏదైనా ప్రశ్నిస్తే వాదనకి దిగకుండా ఆ కాగితం చూపించండి. ఏదైనా విప్పమంటే ఏ నిబంధన కింద విప్పాలో రాసివ్వమని మర్యాదగా అడగండి.

నల్లమల వైపు, గిద్దలూరు అడవి దారుల్లోకి వెళ్లాలనుకుంటే బండి కాగితాలు సరిపోవు. పెద్దపులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి ఉన్న దారిలోనే వెళ్లాలి. తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దిబ్బల మీదికి అసలే బండి ఎక్కించకండి. తడి ఇసుకకి పైన, మెత్తటి ఇసుకలోనే ఆ గుంటలు ఉంటాయి, పైకి కనబడవు.